గురువారం గల్లీలు

ఆ ఆషాఢంలో మా అత్త దేవమ్మ తిరిగే పదకొండు గల్లీలను మ్యాపులోంచి లేపేసింది నేనే. కంపెనీ కాదు, ఆఫీసరు కాదు, నేను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. లేకపోతే కథ మధ్యలో ఎక్కడో మంచిదాన్ని అనిపించుకోవాలని బుద్ధి పుడుతుంది.

మాది బోయిగూడ. అత్త ముప్పై ఏళ్లుగా మూడు చక్రాల బండి తొక్కుకుంటూ పొడి చెత్త ఏరుతోంది. పాత పేపర్లు, అట్టలు, సీసాలు, పాల కవర్లు. ఆమె బండికున్న గంట కొడితే ఇళ్లవాళ్లు గేటు దగ్గరికి తెచ్చి ఇస్తారు. రైలు పట్టాల గోడ పక్కన రేకుల షెడ్డు ఉంది, అక్కడ కూర్చుని దేనికది వేరు చేసి అమ్ముతుంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఇదే పని రోసమ్మ చేస్తుంది. ఎవరి గల్లీలు వాళ్లవి. ఒకరు పిలవకుండా ఇంకొకరు అడుగు పెట్టరు. కాగితం లేదు, సంతకం లేదు, అయినా ఆ కట్టుబాటు కోర్టు డిక్రీ కన్నా గట్టిది.

మా వార్డులో పొడి చెత్త పెట్టెలు ఎక్కడ పెట్టాలి, బండ్లు ఏ దారిన తిరగాలి అని తేల్చే పని ఒక కంపెనీకి ఇచ్చారు. వాళ్లకు చదువుకున్న లోకల్ ఆడవాళ్లు కావాలన్నారు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఆపేసిన నన్ను తీసుకున్నారు. మెడలో ఫొటో ఉన్న కార్డు, ఆకుపచ్చ కోటు, చేతిలో కంపెనీ ఫోను. ఆ కార్డు వేసుకుని గల్లీలో నడుస్తుంటే నా నడకే మారిందని మా ఆయన పురుషోత్తం వెక్కిరించాడు. మారింది మరి. ముప్పై రెండేళ్లకు మొదటిసారి ఎవరో నన్ను 'రజిత గారూ' అని పిలిచారు.

అలా పిలిచినతను ఉదయ్‌కిరణ్ సార్. ఇరవై ఏడేళ్లుంటాయి. వాళ్లది భీమవరం దగ్గర ఊరు, చదువంతా ఇక్కడే. చెడ్డవాడు కాదు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం మనుషులు కనపడరు.

"గల్లీలో పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదింటి దాకా ప్రతి ఇల్లూ అడగండి. ఈరోజు పొడి చెత్త ఇస్తున్నారా, ఎన్ని సంచులు. అంతే. కనిపించింది ఫోన్లో కొట్టండి, మీరేం ఆలోచించకండి. ఆలోచించే పని సాఫ్ట్‌వేర్‌ది" అన్నాడు.

మా పదకొండు గల్లీల సర్వేకి సాఫ్ట్‌వేర్ శుక్రవారం కేటాయించింది.

శుక్రవారం మా దగ్గర గడపలకు పసుపు, ముంగిట్లో ముగ్గు, దేవుడి దగ్గర దీపం. ఆ రోజు కూరగాయల తొక్కలూ అన్నం మెతుకులూ బయటికి పోతాయేమో కానీ పాత సామాను పోదు. పాత పేపరైనా, ఖాళీ సీసా అయినా శుక్రవారం ఇంట్లోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడితే లక్ష్మి కూడా దాంతోపాటే పోతుందని నమ్మకం. చెదలు పట్టిన అట్టపెట్టెలో లక్ష్మి ఎక్కడ కూర్చుంటుందని నన్నడగకండి. నేనూ ఇవ్వను.

ఈ సంగతి ఉదయ్‌కిరణ్ సార్‌కు తెలియదు. నాకు తెలుసు. 'సార్, మా దగ్గరికి వేరే రోజు పంపండి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సామాను ఉన్న చోటికే కంపెనీ బండి వస్తుంది, లేని చోటికి ఎందుకొస్తుంది అని లెక్క వేసుకున్నాను. మా గల్లీల్లో ఏమీ లేదని రాస్తే వాళ్ల కన్ను అటు పడదు, అత్త పని అత్త చేసుకుంటుంది. గల్లీకొక సున్నా చొప్పున పదకొండు కొట్టి, ఇంటికొచ్చి పురుషోత్తంకు చెప్పాను.

"నువ్వు వకీలువు గావాల్సినదానివి" అని మురిసిపోయాడు. స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. పోలీసులకు కనపడకుండా బండి ఆపుకోవడమే బతుకుతెరువు అని అతని సిద్ధాంతం. మా ఇంట్లో అందరికీ అదే ఒంటబట్టింది. అత్తకు తప్ప.

మూడు వారాలకు మ్యాపు తయారైంది. ఆఫీసు గోడ నిండా అతికించారు. ఆకుపచ్చ చుక్క ఉన్న చోట పొడి చెత్త పెట్టె వస్తుంది. నీలం గీత ఉన్న గల్లీలో ఇల్లిల్లూ తిరిగి పొడి చెత్త ఏరేవాళ్లు ఉంటారు, వాళ్లకు కార్డు, కోటు, సామాను వేరు చేసుకోవడానికి చోటు ఇస్తారు. లాలాగూడ మీద నీలం గీతలు అల్లుకుని ఉన్నాయి. రోసమ్మ పేరు పక్కన కార్డు నంబరు కూడా పడింది. మా పదకొండు గల్లీలు బూడిద రంగులో ఉన్నాయి.

"సార్, ఈ రంగేంటి?" అని అడిగాను.

"జీరో మెటీరియల్ గల్లీలండి. అక్కడ వేరుగా ఏరించడం దండగ. పెద్ద లారీ వస్తుంది. తడీ పొడీ కలిపి లోపలే నొక్కేసి, కాప్రా అవతల యార్డుకి పట్టుకెళ్లిపోతుంది."

"అక్కడ ఇప్పటికే ఎవరన్న ఏరుకుంటుంటే?"

"ఉంటే మీ సర్వేలో తేలేవారు కదండీ?" అన్నాడు. వెటకారం కాదు, నా పని మీద అంత నమ్మకం. "ఒకవేళ ఉన్నా ఆపెయ్యాల్సిందే. ఆ గల్లీల చెత్తంతా లారీ కాంట్రాక్టరుది. వేరేవాళ్లు ముట్టుకుంటే బండి సీజ్ చేస్తారు. వచ్చే నెల మొదటి గురువారం నుంచి మొదలు."

కొంచెం నీళ్లు తాగి, బాగుంది సార్ అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో కూర్చుని బండి చైనుకు నూనె పెడుతోంది. ఎదురుగా చతికిలబడి మొత్తం చెప్పేశాను. చైను తిప్పుతూనే వింది.

"శుక్రారం నాడు రాసినవా?"

"అవ్ అత్తమ్మా."

"శుక్రారం ఎవరియ్యరని నీకెర్క లేదా?"

"ఎర్కే. గందుకే రాసిన. ఏం లేదంటే ఎవ్వరు రారనుకున్న. నిన్ను కాపాడనీకే జేసిన."

అత్త చేతులు గుడ్డకు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. "నన్ను కాపాడనీకి దాసినవా, నీ ఇజ్జత్ కోసం దాసినవా?"

మొదటి రోజు ఆఫీసులో మీ ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగారు. మా ఆయన ట్రావెల్స్, మా అత్త బిజినెస్ అని చెప్పాను. ఈ సంగతి అత్తకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. గల్లీ చివర ఆమె బండి కనపడితే నేను పక్క సందులోకి తిరగడం ఆమె చూసింది. చూసినట్టు నాకూ తెలుసు. ఇద్దరం ఒక నెలగా ఆ సంగతి మింగుకుని ఒకే కంచంలో పచ్చడి కలుపుకుంటున్నాం. సిగ్గుతో చచ్చిపోయాను.

"రెండిటికి" అన్నాను.

"ఆఁ. గట్ల చెప్పు."

అప్పుడే వచ్చిన పురుషోత్తం విషయం విని తలుపు దగ్గరకు వేశాడు, మేమేదో దొంగసొమ్ము పంచుకుంటున్నట్టు. "ఊకో అమ్మా. ఇప్పుడు పోయి నిజం జెప్తే దీని నౌకరి పోతది. నీకు అరవై నిండినయ్. ఇగ ఇంట్ల కూసో."

"కూసొని?"

"టీవీ సూడు."

"టీవీల నా గల్లీలు వస్తయా?" అని అత్త లేచి తలుపు మళ్లీ బార్లా తెరిచింది. "ముప్పై ఏండ్ల సంది పట్టపగలు, నడి బజార్ల, గంట గొట్టుకుంట తిరిగిన. ఎవరింట్ల సొచ్చిన? ఎవరి సొమ్ము దిన్న? నన్ను దాసేటందుకు నేనేమన్న పాపం జేసిన్నా? మీ ఇద్దరికి నేను కనవడుడే పరేషాన్ అయితే చెప్పున్రి, రోసమ్మ ఇంట్ల ఉంట."

నేను ఏడవడం మొదలుపెట్టాను.

"ఏడ్వకు. ఏడ్చెటోళ్లతోని పని గాదు. బుక్కు తీస్కో. పొద్దుగాల నా ఎంబడి రా. శుక్రారం గాదు, వారమంత రాయి" అంది.

ఆ వారం నేను చదువుకున్నది డిగ్రీలో ఉంటే ఆపేసేదాన్ని కాదు. ఆఫీసుకు జ్వరమని చెప్పి అత్త వెనక నడిచాను. మంగళవారం కూడా కొన్ని ఇళ్లు ఇవ్వవు, ఆ గేట్ల ముందు ఆమె గంట కొట్టదు. సోమవారం సీసాల రోజు. ఆదివారం తాగినవాళ్లు సోమవారం భార్యలు చూడకముందే తెచ్చి ఇచ్చేస్తారు. బుధవారం దుకాణాల అట్టలు. అన్నిటికన్నా బరువైనది గురువారం. తెల్లవారితే శుక్రవారం కాబట్టి ఇల్లు కడుక్కోవాలి, మూలల్లో ఉన్నదంతా బయటపడాలి. అత్త ఒక్కత్తే మొయ్యలేదు. అందుకని ప్రతి గురువారం లాలాగూడ నుంచి రోసమ్మ తన బండితో వస్తుంది. దానికి బదులుగా శుక్రవారం అత్త లాలాగూడ పోతుంది. అక్కడ చర్చికి పోయే ఇళ్లవాళ్లకు శుక్రవారం పట్టింపు లేదు. ఆదివారం ఉదయం మాత్రం అక్కడ గంట కొట్టకూడదు.

"గీ రూటు ఎవరు గీసిన్రు అత్తమ్మా?" అని అడిగాను.

"ఎవరు గీస్తరే? తిరగంగ తిరగంగ పడ్డది."

మెయిన్ రోడ్డు మీద కంపెనీ పెట్టబోయే రెండు పెట్టెల చోట్లు చూపించమంది. మొదటిది కల్లు దుకాణం ముందు. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఈడికి ఆడోళ్లు వస్తరా సంచి పట్టుకొని? ఈ ముసలోళ్ల ముంగట?" రెండోది మైసమ్మ గుడి గోడకు ఆనించి. "బోనం ఎత్తుకొచ్చిన కాడ బీరు సీసాలేస్తరా? రెండు రోజులల్ల ఆ పెట్టె తగలవెడ్తరు."

"మరి ఏడ పెట్టాలె?"

"పాల బూత్ కాడ. పొద్దుగాల ప్రతి ఇంట్లకెళ్లి ఒకరు ఆడికి రాక తప్పదు. వచ్చెటప్పుడు ఉత్త చేతులతోనే వస్తరు గదా. ఆ చేతికి ఒక సంచి ఇయ్యి."

కంపెనీ నెలన్నర పాటు ఫోన్లతో తిరిగి వెతికిన చోటు అది. అత్త రోడ్డు దాటుతూ చెప్పేసింది.

గురువారం రానే వచ్చింది. వాన జల్లు పడుతోంది. రెండు బండ్ల మీద ప్లాస్టిక్ పట్టలు కప్పి ఏడింటికి మొదలుపెట్టాం. నాలుగో గల్లీలో అపార్టుమెంటు కింద జగదాంబ గారు ఎదురుచూస్తున్నారు. ఆమెదీ, ఆమె భర్త కామరాజు గారిదీ రాజమండ్రి. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, పాట్ మార్కెట్ దగ్గర బట్టల వ్యాపారం. పేపర్లు తాడుతో కట్టి, పాల కవర్లు కడిగి ఆరబెట్టి మడత పెట్టి తెస్తారు. నన్ను చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏమ్మా రజితా, నీ మెడలో కార్డేదీ? మొన్న మా గేటు దగ్గరకొచ్చి 'ఏమైనా ఇస్తారా మేడమ్' అన్నావు, నేనెవరో తెలియనట్టు."

తల దించుకుని విషయం చెప్పాను. విని ఆమె మండిపడ్డారు. "లారీలో తడీ పొడీ కలిపేస్తాడా? ఇదేం చోద్యమే! నేను కవర్లు ఉతికి ఆరేస్తున్నది వాడు కుళ్లిన కూరల్లో నొక్కడానికా? మా ఇంట్లో పాత పేపరు ఎవరి చేతికివ్వాలో కూడా మీ మ్యాపే చెప్తుందా?"

"బుధవారం మీటింగుంది మేడమ్. సర్కిల్ ఆఫీసుల. ఎవరన్న రావచ్చు."

"వస్తాను. ఆయన్నీ లాక్కొస్తాను."

ఆ గురువారం పదకొండు గల్లీల్లో నలభై ఆరు సంచులు వచ్చాయి. రోసమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, నేను రాసుకున్న పేజీని చూసింది. ఆమెకు చదవడం రాదు. "గింత రాసినంక సుత లేదంటరా?" అని అడిగింది. అంటారని నాకు తెలుసు. రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది.

బుధవారం మీటింగు. కుర్చీలు నిండాయి, గోడలకు ఆనుకుని జనం. ముందు వరసలో జగదాంబ గారు, ఆమె పక్కన నిద్రమొహంతో కామరాజు గారు. అత్త ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది, బోనాలకు కొన్నది. నేను కంపెనీవాళ్ల వైపు కూర్చున్నాను, కోటు వేసుకుని. ఉదయ్‌కిరణ్ సార్ మ్యాపు చూపించి చక్కగా చెప్పాడు. హేమచంద్ర గారని పెద్ద ఆఫీసరు, నెరిసిన మీసాలాయన, తల ఊపుతూ విన్నారు.

ఏమైనా అభ్యంతరాలున్నాయా అని అడగ్గానే అత్త లేచింది.

"సారూ, నా పేరు దేవమ్మ. ఆ బూడిద రంగు గల్లీలు నావి. ఆడ పొడి చెత్త మస్తుగ వస్తది."

హేమచంద్ర గారు కాగితాలు తిప్పారు. "ఇక్కడ పదకొండింటికీ సున్నా ఉందమ్మా. ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఇది."

"తప్పు రాసిన్రు సారూ."

గదిలో గుసగుసలు. ఉదయ్‌కిరణ్ సార్ ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ సర్వే చేసింది ఎవరో అతనికి తెలుసు కదా. లేచి గొంతు సవరించుకున్నాడు. "సార్, యాప్‌లో ఏదో ఎర్రర్ అయ్యుండొచ్చు. ఫీల్డ్ స్టాఫ్ తప్పేం లేదు. ఈ ఏడాదికి ఇలాగే నడిపించి, వచ్చే ఏడాది రివైజ్ చేస్తాం."

నా మీద దయతోనే అన్నాడు. ఆ దయ తీసుకుంటే నా కార్డు నా మెడలో ఉంటుంది. అత్త ఒక ఏడాది ఇంట్లో కూర్చుంటుంది. ఏడాది గంట మోగని గేటు ముందు మళ్లీ మోగిస్తే ఎవరు తలుపు తీస్తారు? ఇంత లెక్క వేశానని చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. లేచి నిలబడ్డాను, అంతే.

"ఎర్రర్ కాదు సార్. ఆ సున్నాలు నేను రాసిన. శుక్రవారం మా గల్లీలల్ల పాత సామాను ఎవ్వరియ్యరు. అది నాకు తెలుసు. తెలిసే రాసిన."

హేమచంద్ర గారు కలం కింద పెట్టారు. "తెలిసి ఎందుకు రాశావమ్మా?"

"ఆమె మా అత్త సార్."

అత్త నా వైపు తిరగలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, నేను మాట్లాడిందేమీ పెద్ద విషయం కానట్టు, ఆఫీసరుతో మొదలుపెట్టింది. "ఇగ రాస్కో సారూ. సోమారం సీసాలు. మంగళారం ముప్పై ఇండ్లియ్యవు, అవి ఏవో నా కోడలు రాసింది..."

వారం మొత్తం చెప్పింది. కల్లు దుకాణం ముందు పెట్టె వద్దంది, పాల బూత్ దగ్గర పెట్టమంది. నా పుస్తకం టేబులు మీదికి పోయింది. జగదాంబ గారు లేచి పాల కవర్ల మీద ఐదు నిమిషాలు మాట్లాడారు. రోసమ్మ ముందుకొచ్చి తనకిచ్చిన కొత్త కార్డు టేబులు మీద పెట్టింది. "దేవమ్మకు లేని కార్డు నాకొద్దు సార్. శుక్రారం ఆమె నాకు కావాలె, గురువారం నేనామెకు కావాలె. ఒకరిని దీస్తే ఇద్దరం పోయినట్టే."

హేమచంద్ర గారు నుదురు రుద్దుకున్నారు. "సరే. మళ్లీ సర్వే చేయిద్దాం. అప్పటిదాకా ప్లాను ప్రకారం రేపటి నుంచి లారీ వెళ్తుంది."

"అప్పటిదాంక నేను సుత పోత" అంది అత్త.

"అట్లా కుదరదమ్మా. రూలు ఉంటుంది కదా."

"ఆ రూలు ఏ రోజు జూసి రాసిన్రు సారూ? శుక్రారమేనా?"

హాలు గొల్లుమంది. కామరాజు గారు కూడా నిద్ర లేచి నవ్వారు. హేమచంద్ర గారు నవ్వు ఆపుకుంటూ మా గల్లీల మీద పెన్సిలుతో ఒక గుండ్రం గీసి, చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో సర్కారు ఆఫీసులో దరఖాస్తు పెట్టిన ప్రతివాళ్లకూ తెలుసు.

బయట వరండాలో ఉదయ్‌కిరణ్ సార్ చెయ్యి చాపాడు. కార్డు, కోటు, ఫోను ఇచ్చేశాను.

"నాకూ బాధగానే ఉందండీ. ఒక్క మాట ముందే చెప్పుంటే రోజు మార్చేవాణ్ణి కదా" అన్నాడు.

"మీరు ఆలోచించొద్దన్నరు కద సార్."

అతని మొహం ఎర్రబడింది. నాకు మాత్రం పాపం అనిపించింది. తప్పులో పెద్ద ముక్క నాదే.

మర్నాడు గురువారం. అదీ మామూలు గురువారం కాదు. శ్రావణం వచ్చేసింది, తెల్లవారితే మొదటి శుక్రవారం. ఆడవాళ్లు అటకలు కూడా దులిపే రోజు. ఆరున్నరకే అత్త బండి తీసింది. రోసమ్మ వచ్చింది. నేను భుజాన గోనె సంచులు వేసుకుని వెనక నడిచాను. పురుషోత్తం ఆటో వెనక సీటు ఊడదీసి మా వెనకే వచ్చాడు. "బండి సీజ్ చేస్తే సామాను దేంట్ల తెస్తరు మరి?" అన్నాడు, మేమేదో అడిగినట్టు.

నాలుగో గల్లీ మలుపులో లారీ ఎదురొచ్చింది. గల్లీ నిండా అదే. ముందు అద్దం మీద కొత్త నంబరు అతికించి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. అత్త బండిని గల్లీ మధ్యలో ఆపి దిగింది.

"అమ్మా, బండి తియ్యి. ఈ గల్లీ నాకు రాసిచ్చిన్రు" అని డ్రైవరు కిటికీలోంచి ఫోను చూపించాడు. అందులో మా గల్లీ ఇంకా బూడిద రంగులోనే ఉంది.

"రాసిచ్చినోళ్లు ఏడున్నరు బిడ్డా?"

"ఆఫీసుల."

"నాకు ఇచ్చెటోళ్లు ఈడున్నరు" అని అత్త గంట కొట్టింది.

ఒక్క తలుపూ తీయకపోతే? ముందు రోజు హాల్లో నవ్వినవాళ్లు నవ్వడానికే వచ్చి ఉంటే? అత్త రెండోసారి కొట్టింది. అపార్టుమెంటు గేటు తెరుచుకుని జగదాంబ గారు పేపర్ల కట్ట మోసుకుంటూ వచ్చారు. లారీ బంపరు పక్క నుంచి ఒత్తుకుని వచ్చి కట్టను అత్త బండిలో వేశారు. వెనకే పై అంతస్తు ఆమె, ఎదురింటి కుట్టు మిషను ఆమె, చివరింటి ముసలాయన. పగిలిన బకెట్లు, డబ్బాలు, సీసాలు, ఏళ్లనాటి పుస్తకాలు. అందరూ లారీని చుట్టుకునే వచ్చారు. ఒక్కరు కూడా దాంట్లో వెయ్యలేదు.

డ్రైవరు కిందికి దిగి సూపర్‌వైజరుకు ఫోను కలిపాడు. "సార్, ఎవ్వరిస్తలేరు సార్. ఒక ముసలామె అడ్డం ఉంది... ఆఁ... ఆఁ... సరే సార్." ఫోను దించి, "ఫొటో దీసి పంపమంటున్నరు. కేసు రాస్తరట" అన్నాడు. అతనికీ ఇష్టం లేనట్టే ఉంది.

పురుషోత్తం గబుక్కున ముందుకు రాబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. తల మీది కొంగు తీసేసి, జుట్టు వెనక్కి దువ్వుకుని, హ్యాండిలు పట్టుకుని నిలబడింది.

"మొకం మంచిగ వచ్చెటట్టు తియ్యి. పేరు సుత రాయి. దేవమ్మ. ముప్పై ఏండ్ల సంది ఇదే గల్లీ."

నేను గోనె సంచి కింద పెట్టకుండానే పోయి ఆమె పక్కన నిలబడ్డాను. రోసమ్మ ఆమెకు రెండో వైపు వచ్చింది. జగదాంబ గారు, కళ్లజోడు తుడుచుకుని, మా వెనక. డ్రైవరు ఫోను ఎత్తి అందరూ పట్టడానికి రెండడుగులు వెనక్కి వేశాడు. తీశాడు. పంపాడు. జవాబు కోసం కాసేపు చూశాడు. జవాబు రాలేదు. లారీ వెనక స్కూలు బస్సు హారన్ మొదలైంది.

"ఇగ నన్నేం జెయ్యమంటవ్ అమ్మా?" అన్నాడు.

"తడి చెత్త నీది. ఇండ్ల ముంగట బకెట్లున్నయ్, తీస్కపో. పొడి ముట్టకు."

అతను ఆమెను చూసి, బకెట్లను చూసి, లారీ ఎక్కాడు. అత్త బండిని పక్కకు జరిపింది. లారీ పట్టేంత మాత్రమే జరిపింది.